సింగ్‌నగర్ ఇల్లు అమ్మి కొండెక్కాలనుకున్న మాస్టారు: ఒక కేస్ స్టడీ

బెజవాడలో ఆస్తి పత్రాలు చూసే అడ్వకేటుని నేను. 2024 వరదల తర్వాత మా ఆఫీసుకి ఒకే రకం కోరికతో చాలామంది వచ్చారు. ఇక్కడి ఇల్లు అమ్మేస్తాం, ఏదైనా చల్లటి కొండ ఊళ్లో చిన్న ఇల్లు తీసుకుంటాం, కాగితాలు చూసిపెట్టండి అని. వాటిలో ఒక కేసు మొదటి నుంచి ఇప్పటిదాకా రాస్తున్నాను. క్లయింట్ల అనుమతి ఉంది. వాళ్లని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

కొండ ఊరికి వెళ్లి ఉండటం ఒక నిర్ణయం, అక్కడ ఆస్తి కొనడం ఇంకొక నిర్ణయం. ఈ రెండిటినీ ఒకే నెలలో, ఒకే సంతకంతో తేల్చేద్దామనుకునే వాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. ఈ కేసు రాయడానికి కారణం అదే.

వచ్చినవాళ్లు, తెచ్చిన కాగితాలు

ఆయన ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ప్రాథమిక పాఠశాల టీచరు. ఇద్దరికీ పెన్షన్ ఉంది. కొడుకు బెంగళూరులో, కూతురు అమెరికాలో. సింగ్‌నగర్‌లో 1998లో కట్టుకున్న ఇల్లు, కింద వాళ్లు, పైన అద్దెకి ఇచ్చారు. మాస్టారికి బీపీ, షుగరు. టీచరమ్మకి మోకాళ్ల నొప్పులు.

2024 ఆగస్టు 31 రాత్రి దాటాక బుడమేరు వాగుకి గండ్లు పడి ఆ నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మీదికి వచ్చాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు దాటి పోతోంది. వీళ్లు పైన అద్దెవాళ్ల గదిలో తలదాచుకున్నారు. నీళ్లు పూర్తిగా తీయడానికి రోజులు పట్టింది. ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకి 10 వేలు సాయం ఇచ్చింది. ఫ్రిజ్జు, మంచాలు, బీరువా అన్నీ పోయిన ఇంటికి ఆ డబ్బు ఏ మూలకి వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

బీరువా కింది అరలోనే ఇంటి పత్రాలు ఉన్నాయి. వాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు టీచరమ్మ ఒక స్టీలు పళ్లెంలో పెట్టి తెచ్చారు వాటిని. సేల్ డీడు, దాని వెనక లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందు ఆ ఆస్తి చేతులు మారిన పత్రాలు), ప్లాను, పన్ను రసీదులు. స్టాంపు పేపర్లు ఒకదానికొకటి అంటుకుపోయి, అంచుల్లో సన్నటి బురద చారలు కట్టి ఉన్నాయి. సబ్ రిజిస్ట్రారు ముద్ర ఊదా రంగు పక్క పేజీకి దిగింది. అయినా సంతకాలు, డాక్యుమెంటు నంబరు, హద్దులు చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఎవరో లామినేషన్ చేయించమన్నారట. ఆ పని మాత్రం చేయొద్దన్నాను. లామినేషన్ చేసిన ఒరిజినల్‌ని బ్యాంకువాళ్లు అనుమానంగా చూస్తారు, తర్వాత దాన్ని విడదీయడమూ కుదరదు. పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి నీడలో ఆరబెట్టించాం. రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) తీయించాం. వరదలో పత్రాలు తడిసినవాళ్లు ఎవరైనా ముందు చేయాల్సిన పని ఇదే. అమ్మకం ఆలోచన ఆ తర్వాత.

పళ్లెంలో ఇంకో కాగితం ఉంది, పొడిగా, కొత్తగా. అరకు మండలంలో 30 సెంట్ల స్థలానికి 99 ఏళ్ల లీజు ముసాయిదా. ఒక మధ్యవర్తి ఇచ్చాడు. భూమి గిరిజన రైతు పేరు మీదే ఉంటుంది, మనకి నోటరీ అగ్రిమెంటు, జీపీఏ (ఆయన తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇస్తారు, ఇల్లు కట్టుకోవచ్చు అని చెప్పాడట. లక్ష అడ్వాన్సు అడిగాడు. ఇంకా ఇవ్వలేదు.

"అమ్మా, కొనుగోలు కాదు కదా, లీజే కదా. లీజుకి ఏం అడ్డం?" అన్నారు మాస్టారు.

1/70 గురించి ఆయనకి చెప్పింది

అరకు, పాడేరు, చింతపల్లి, చలికి పేరున్న లంబసింగి, గోదావరి వైపు మారేడుమిల్లి, ఇవన్నీ ఏజెన్సీ, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతాలు. అక్కడి భూమికి 1959 నాటి భూ బదలాయింపు నిబంధన వర్తిస్తుంది. దాన్ని 1970లో 1వ నంబరు రెగ్యులేషన్‌తో గట్టిగా సవరించారు. జనం వాడుకలో 1/70 చట్టం అంటే ఇదే. ఏజెన్సీలో స్థిరాస్తిని గిరిజనుడికో, గిరిజనులతోనే ఏర్పడిన సహకార సంఘానికో తప్ప ఇంకెవరికీ బదిలీ చేయడానికి లేదు. చేస్తే అది చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా సరే ఇదే రూలు. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అనుభవిస్తున్నవాడే.

మాస్టారి ప్రశ్నకి సూటి జవాబు ఆ నిబంధనలోనే ఉంది. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, వాటికి సంబంధించిన ఒప్పందాలు కూడా బదిలీ కిందికే వస్తాయి. 99 ఏళ్లయినా, అంతకు తక్కువయినా లీజు లీజే. నోటరీ ముద్ర పడ్డంత మాత్రాన చెల్లని కాగితం చెల్లదు. ఇక జీపీఏ సంగతి. మామూలు ప్రాంతాల్లోనే జీపీఏతో యాజమాన్యం రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యవర్తి ఇంకో దారి కూడా చూపించాడట, అక్కడి తెలిసినవాళ్ల పేరు మీద కొనిపెడతానని. అది బినామీ. 2016 సవరణ తర్వాత ఆ నేరానికి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి మార్కెట్ విలువలో నాలుగో వంతు వరకు జరిమానా ఉన్నాయి.

ఈ నిబంధన చెల్లుబాటుని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో సమర్థించింది. 1997లో సమత కేసులో ఇంకా ముందుకు వెళ్లి, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ప్రభుత్వానికే లేని వెసులుబాటు మనకి ఒక స్టాంపు పేపరు మీద దొరుకుతుందా?

చట్టం ఎంత చెప్పినా మాస్టారి ముఖంలో అయిష్టం పోలేదు. అప్పుడు ఆ ముసాయిదా చివరి పేజీ తిప్పి చూపించాను. రైతు సంతకం చోట వేలిముద్ర అని అచ్చేసి ఉంది. కాగితమంతా ఇంగ్లీషులో ఉంది.

"మాస్టారూ, ఆయనకి ఇందులో ఏముందో ఎవరు చదివి చెప్తారు?"

ఆయన నలభై ఏళ్ల దగ్గరదగ్గరగా బడిలో పనిచేసిన మనిషి. కాసేపు ఆ పేజీ చూసి, "ఇది మనకి వద్దమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నా అభిప్రాయం దాచుకోను. 1/70ని మనం ఇల్లు కట్టుకోవడానికి అడ్డం వచ్చిన రూలుగా చూసేవాళ్లంటే నాకు బాధ. మైదానం నుంచి వెళ్లిన అప్పులవాళ్ల చేతుల్లోకి కొండవాళ్ల భూములు పోతున్నాయనే 1917లోనే ఇలాంటి చట్టం పెట్టాల్సి వచ్చింది. వందేళ్ల తర్వాత కూడా అదే భూమి మీద కన్నేసి కాగితాలు తయారవుతున్నాయి. అలాంటి ముసాయిదా మా ఆఫీసులో రాయం. అరకు చూడాలనుంటే అతిథిగా వెళ్లండి, అక్కడివాళ్ల హోమ్ స్టేలో ఉండండి, వాళ్ల కాఫీ కొనండి.

వేరే కొండలు

తర్వాత ఒక్కో ఊరు పరిశీలించాం. హార్సిలీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, మన రాష్ట్రమే, భాష సమస్య లేదు. కానీ కొండ మీద ఉన్నది ఎక్కువగా అటవీ, టూరిజం శాఖల కట్టడాలే. స్థిరంగా ఉండటానికి ఊరంటూ పెద్దగా లేదు. కొడుకు హిమాచల్ అన్నాడు. అక్కడ 1972 నాటి కౌలు, భూసంస్కరణల చట్టం 118వ సెక్షను ప్రకారం ఆ రాష్ట్రంలో వ్యవసాయదారులు కానివాళ్లు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. చివరికి మాస్టారి పాత శిష్యుడు ఒకరు కూనూరులో టీ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారని తేలింది. నీలగిరుల్లో 1,850 మీటర్ల ఎత్తున్న ఊరు. విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరు, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు.

తమిళనాడులో బయటివాళ్లు ఇల్లు కొనడానికి అలాంటి నిషేధం లేదు. అయినా నీలగిరులన్నీ ఒకటి కాదు. గూడలూరు వైపు జన్మం ఎస్టేట్లు, అంటే పాత జమీందారీ లాంటి భూములు ఉన్నాయి. వాటిని రద్దు చేసిన 1969 చట్టం 17వ సెక్షను కింద తగాదాలో నలుగుతున్న భూములు ఉన్నాయి. సిగూరు వైపు ఏనుగుల దారిలో కట్టిన రిసార్టుల మీద వచ్చిన తీర్పుని 2020లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కూనూరు పట్టణంలోనే కొన్నా, కొండ ప్రాంతంలో కట్టడాలకి ఎత్తు, వాలు లాంటి షరతులు ఉంటాయి.

ఇవన్నీ తెలిశాక కూడా మాస్టారు కొనేద్దామనే అన్నారు. సింగ్‌నగర్ ఇంటికి బేరం వచ్చిందట. వరద ఇల్లు అని తక్కువకి అడుగుతున్నారు.

అసలు ప్రశ్న

ఆస్తి అమ్మకాల్లో నేను భార్యాభర్తలిద్దరినీ విడివిడిగా అడిగే ప్రశ్న ఒకటుంది. మీ ఇద్దరిలో ఒకరే మిగిలితే ఎక్కడ ఉంటారు? వినడానికి కటువుగా ఉంటుంది. కానీ అరవై దాటినవాళ్లు ఊరు మారే ప్రతి కేసులోనూ ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అని నా నమ్మకం.

మాస్టారు, "కూనూరులోనే ఉంటా, పుస్తకాలుంటే చాలు" అన్నారు.

టీచరమ్మ వెంటనే చెప్పలేదు. చీర కొంగు అంచు మడతపెడుతూ, "నేనైతే ఇక్కడికే వచ్చేస్తానమ్మా. ఈ వీధిలో నా బళ్లో చదివిన పిల్లలే ఇప్పుడు వాళ్ల పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. జ్వరం వస్తే గేటు దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు చూస్తారు" అన్నారు. కాస్త ఆగి, "ఆయనకి చెప్పకండి, టెన్షన్ పడతారు" అన్నారు.

ఆయనకి చెప్పాల్సిందే అన్నాను. ఇద్దరినీ కూర్చోబెట్టి ఆవిడ చేతే చెప్పించాను. ఇల్లు మాస్టారి ఒక్కరి పేరు మీదే ఉంది. ఆయన సంతకంతో అమ్మేస్తే ఆవిడకి తిరిగి రావడానికి చోటు ఉండదు.

పన్ను సంగతి కూడా లెక్కవేశాం. 2024 జులై 23 నుంచి పాత ఇళ్ల మీద లాభానికి రెండు దారులు ఉన్నాయి: ఇండెక్సేషన్ (కొన్న ధరని ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో 20 శాతం. 2001కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని ఆధారంగా తీసుకోవచ్చు. వరద ధరకి అమ్మితే వీళ్లకి రెండో దారే మేలు. అప్పటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 54 కింద మినహాయింపు కావాలంటే కొత్త ఇల్లు రెండేళ్లలో కొనాలి, లేదా మూడేళ్లలో కట్టాలి. వట్టి స్థలం కొంటే సరిపోదు. ఈ గడువుల వల్లే జనం తొందరపడి తెలియని ఊళ్లో తెలియని ఇల్లు కొంటారు. అమ్మకపోతే ఆ గడువే లేదు.

అలా తేలింది. ఇల్లు అమ్మరు. కూనూరులో అద్దెకి తీసుకుని ఒక వానాకాలం, ఒక చలికాలం ఉండి చూస్తారు.

అద్దె కాగితం

ఇక్కడ మనవాళ్లు పట్టించుకోని విషయం, తమిళనాడుకి 2017లో చేసిన అద్దె చట్టం ఉంది, 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయించాలి. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకి మించకూడదు. ఓనరు మొదట పది నెలలు అడిగారు. శిష్యుడి ద్వారా చట్టం సంగతి చెప్పిస్తే మర్యాదగానే ఒప్పుకున్నారు. నేను పట్టుబట్టిన షరతులు రెండే. లాకిన్ పీరియడ్ (ఖాళీ చేయడానికి వీల్లేని కనీస గడువు) ఉండకూడదు, నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చు. కప్పు కారితే, గోడ చెమ్మెక్కితే ఆ ఖర్చు ఓనరిది. కొండ ఊళ్లో రెండో షరతు లేకుండా సంతకం పెట్టొద్దు.

కారు తీసుకెళ్లొద్దన్నాను. 2024 మే నుంచి నీలగిరులకి వెళ్లే బయటి వాహనాలకి ఈ-పాస్ ఉంది. పైగా వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. మాస్టారి పెన్షనర్ల హెల్త్ కార్డు నెట్‌వర్క్ ఆస్పత్రుల్లోనే చెల్లుతుంది, కూనూరులో దాని మీద ఆధారపడలేం. అందుకని విడిగా పాలసీ తీసుకున్నారు. 2024 నుంచి వయసు 65 దాటిందని కంపెనీలు తోసిపుచ్చడానికి లేదు, కానీ ఉన్న బీపీ, షుగరుకి మూడేళ్ల వరకు వెయిటింగ్, అంటే వాటికి క్లెయిము ఇవ్వని గడువు, పెట్టొచ్చు. ఆ మూడేళ్లకి డబ్బు పక్కన పెట్టమన్నాను.

కొండ మీద ఏం తేలింది

2025 జూన్‌లో వెళ్లారు. మొదటి నెలల్లో ఫోన్ చేస్తే మాస్టారి గొంతులోనే సంతోషం తెలిసేది. పొద్దున్నే నడక, టీ తోటల మీద మంచు, ఫ్యాను లేకుండా నిద్ర. వరద తర్వాత ఆయనకి రాత్రిళ్లు వాన చప్పుడుకి మెలకువ వచ్చేసేదట. అక్కడ అది తగ్గింది. ఈ ఒక్క విషయం కోసమైనా ఆయన వెళ్లడం సరైనదే అంటాను.

టీచరమ్మ ఫోన్లలో వేరే సంగతులు ఉండేవి. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పులవదు. గుడ్డ కట్టి పొయ్యి పక్కన పెట్టినా మర్నాడు మధ్యాహ్నానికి గానీ పొంగదు. అంత ఎత్తులో నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి విడిగా గిన్నెలో పెట్టిన కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, కుక్కరు తప్పదు. ఉప్పు జాడీలో నీరు చేరుతుంది, బీరువాలో పట్టుచీరలకి బూజు పడుతుంది. ఇల్లు రోడ్డుకి దిగువన ఉంది. గ్యాస్ బండ రోడ్డు మీద దించి వెళ్తారు, మెట్లు దింపడానికి మనిషికి వేరే డబ్బు. అవే మెట్లు ఆవిడ మోకాళ్లకి రోజూ పరీక్ష. సందులోకి అడవిదున్న వచ్చి నిలబడితే అది పోయేదాకా తలుపు తీయకూడదని పక్కింటావిడ నేర్పించారు. మిగిలిన అన్నం, కూరలు బయట పారేస్తే ఎలుగుబంట్లు అలవాటు పడతాయని కూడా. ఆ పక్కింటావిడతో మాట్లాడుతూనే టీచరమ్మకి తమిళం వచ్చేసింది. మాస్టారికి ఇప్పటికీ రాలేదు.

అక్టోబరులో లెక్క మారింది. కూనూరుకి ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ. ఆ నెలల్లో కొండచరియలు జారి పట్టాల మీద పడి కొండ రైలు రద్దవడం మామూలే, ఘాట్ రోడ్డు కూడా ఆగుతూ ఉంటుంది. మాస్టారికి కోయంబత్తూరులో గుండె డాక్టరు అపాయింట్‌మెంట్ ఉన్న రోజున రోడ్డు మీద చెట్టు కూలి మధ్యదారిలోంచి వెనక్కి వచ్చారు. అత్యవసరమేం కాదు, వారం తర్వాత చూపించుకున్నారు. కానీ ఆ రాత్రి ఇద్దరూ కూర్చుని నేను అడిగిన ప్రశ్న గురించే మాట్లాడుకున్నారని తర్వాత చెప్పారు. డిసెంబరు చలికి బీపీ రీడింగులు పెరిగాయి. ఇక్కడి డాక్టరు వీడియో కాల్లో మందు మార్చారు.

నీళ్లంటే భయంతో ఊరు వదిలినవాళ్లకి కొండ మీద వాన ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఈ మాట ముందే చెప్పొచ్చు, చెప్పాను కూడా. కానీ చెప్తే తెలిసేది వేరు, అక్టోబరులో ఆ ఇంట్లో ఉంటే తెలిసేది వేరు. ఇల్లు అమ్మి కొనేసి ఉంటే, ఆ తెలిసినదానితో చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు

సంక్రాంతికి బెజవాడ వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే ఒక పద్ధతి చెప్పారు. మార్చిలో ఎండలు ముదరకముందే కూనూరు వెళ్తారు. దసరాకి ఇంద్రకీలాద్రి అమ్మవారి దర్శనానికి తిరిగొచ్చి శివరాత్రి దాకా సింగ్‌నగర్‌లో ఉంటారు. దాంతో ఇక్కడ మండే ఎండలు, బుడమేరు భయం ఉండే ఆగస్టు, సెప్టెంబరు, అక్కడ ఈశాన్య వానలు, గట్టి చలి, అన్నీ తప్పుతాయి. అద్దె ఏడాది పొడుగునా కట్టాలి. పై అంతస్తు అద్దె దానికి చాలావరకు సరిపోతుంది. కొడుక్కి ఇది నచ్చలేదు, రెండు కాపురాలు ఎందుకు, అమ్మేసి ఒక చోట ఉండండి అంటాడు. అతని ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ అతను లెక్కవేసేది ఖర్చు, వాళ్లమ్మ లెక్కవేసేది తను ఒంటరిగా ఉండాల్సిన రోజులు.

సింగ్‌నగర్ ఇంట్లో కింది అంతస్తు ఇక నివాసానికి ఇవ్వరు. కరెంటు మీటరు బోర్డు పైకి ఎత్తించారు, పత్రాలు బ్యాంకు లాకర్లోకి చేరాయి. వాళ్ల కోసం పైన వెనకవైపు రెండు గదులు వేయిస్తున్నారు. దానికి ప్లాను అనుమతి తీసుకున్నాం. కూనూరు అద్దె ఒప్పందం మళ్లీ రాయించాం, పాత షరతులతోనే. మాస్టారు ఇంట్లో సగం వాటా టీచరమ్మ పేరున సెటిల్‌మెంట్ డీడు (కుటుంబంలోవాళ్లకి ఆస్తి రాసిచ్చే పత్రం) రాసి రిజిస్టర్ చేయించారు. ఎవరు ఎంత ధరకి వచ్చినా, ఆ ఇల్లు పూర్తిగా అమ్మాలంటే ఇప్పుడు ఆవిడ సంతకం కావాలి.